ఇల్లు సర్దడం అటకతో మొదలుపెట్టి ఇరుక్కుపోయాను, ఏ గది ముందు?

అటకకింద (శనివారం, ఉదయం 11:20)

అందరికీ నమస్తే. చలి వెళ్లిపోయింది, కిటికీలు బార్లా తీసి పెట్టుకునే రోజులొచ్చాయి కదా అని, ఇల్లంతా ఒకసారి దులిపి సర్దేద్దామని నిన్న పొద్దున నడుం బిగించాను. మొదలుపెట్టింది అటకతో. సగం సామాను దించేసరికే హాల్లో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. పాత సూట్‌కేసులు 3, పిల్లల పుస్తకాల అట్టపెట్టెలు 4, తిరగని ఫ్యాను, ఎవరిచ్చారో గుర్తులేని గోడగడియారాలు.

రాత్రి పదింటికి లెక్క చూసుకుంటే నేను పారేసింది ఒక్క విరిగిన గొడుగు. మిగతా రోజంతా ఒక్కోటీ చేతిలోకి తీసుకోవడం, "అయ్యో, ఇదా" అనుకోవడం, పక్కన పెట్టడం. మా ఆయన పడుకోబోతూ "ఇల్లు పీకి పందిరేశావు" అని ఒక్క మాట అన్నారు.

గది గదిగా వెళ్దామంటే ఏ గది ముందు? మీరంతా ఎలా చేస్తారు?

రెండుగదులు (శనివారం, ఉదయం 11:52)

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు అటకతో మొదలుపెట్టారేంటక్కా! అటక ఎక్కేవన్నీ ఒకసారి 'పారేయలేం' అని తేలిపోయినవే. ఇంట్లోని మొహమాటాలన్నీ అక్కడే కాపురముంటాయి. దాన్ని ఆఖరికి పెట్టుకోండి. దించినవి ఒక మూలకి నెట్టి పైన దుప్పటి కప్పేయండి.

బాత్రూంతో మొదలెట్టండి. సగం వాడిన షాంపూ సీసా మీద ఎవరికీ జ్ఞాపకాలుండవు, అందుకే చెయ్యి వణకదు. క్రీముల డబ్బా వెనకాల మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 6ఎం అనో 12ఎం అనో ఉంటుంది చూడండి. తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో చెప్పే లెక్క అది. మస్కారా అయితే 3 నుంచి 6 నెలలు, అంతే. కంటికి పెట్టుకునేది కాబట్టి అందులో బేరాల్లేవు. టూత్‌బ్రష్‌లు 3, 4 నెలలకోసారి మార్చాలి కాబట్టి అరిగినవన్నీ 'కిటికీ సందులు తోమడానికి' అని దాచుకోవద్దు. ఒకటి దాచుకోండి, ఏడు కాదు.

మా ఇల్లు రెండు గదులే, మనుషులం నలుగురం. చోటు లేకపోవడమే నాకు నేర్పింది ఇదంతా.

చీపురుకట్ట (శనివారం, మధ్యాహ్నం 12:30)

సర్దడం వేరు, శుభ్రం చేయడం వేరు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటుంది. ముందు వస్తువులు తగ్గించండి, ఖాళీ అయిన చోటుని తర్వాత తుడవండి.

తుడిచేటప్పుడు పైనుంచి కిందికి రావాలి. ఇది అందరికీ తెలుసు, ఎవరూ చేయరు. నేల తుడిచాక ఫ్యాను గుర్తొస్తుంది! ఫ్యాను రెక్కకి పాత దిండు గలీబు తొడిగి మెల్లిగా వెనక్కి లాగండి, దుమ్మంతా గలీబులోనే ఉండిపోతుంది, మంచం మీద పడదు. స్విచ్చి కట్టేసి, కదలని స్టూలు మీద ఎక్కి చేయాలని వేరే చెప్పక్కర్లేదు. పొడి గుడ్డతో దులిపితే దుమ్ము ఇక్కడ లేచి అక్కడ కూర్చుంటుంది, తడి గుడ్డ వాడండి. మైక్రోఫైబర్ గుడ్డలున్నవాళ్లు వాటిని ఉతికేటప్పుడు సాఫ్ట్‌నర్ పోయొద్దు, దుమ్ము పట్టుకునే గుణం పోతుంది.

నా తప్పు కూడా ఒకటి చెప్పుకుంటాను. పోయినేడాది బాత్రూం గచ్చు తెల్లగా రావడం లేదని ఆసిడ్ పోసి తోమాను. అది చాలదని పైనుంచి బ్లీచింగ్ పోశాను. తలుపు మూసి ఉంది. రెండు నిమిషాల్లో గొంతు పట్టేసింది, కళ్ల వెంట ఒకటే నీళ్లు. బయటికొచ్చి పడ్డాను. పక్కింటావిడ తలుపులన్నీ తీసి నన్ను గాలికి కూర్చోబెట్టింది.

ప్రయోగశాల (శనివారం, మధ్యాహ్నం 1:15)

చీపురుకట్ట గారూ, మీరు బయటికి రాగలగడం మీ అదృష్టం. అక్కడ పుట్టింది క్లోరిన్ వాయువు. బ్లీచ్‌లో ఉండేది సోడియం హైపోక్లోరైట్. దానికి ఏ ఆసిడ్ తగిలినా క్లోరిన్ బయటికొస్తుంది. వెనిగర్‌తో కూడా అంతే. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్‌తో కలిస్తే క్లోరమైన్లు వస్తాయి, అవీ ఊపిరితిత్తులకి చేటే. 'రెండు కలిపితే రెండింతలు శుభ్రం' అనే లెక్క ఈ సీసాల దగ్గర పనిచేయదు. ఒకరోజు ఒకటే వాడండి, నీళ్లతో బాగా కడిగాక మరోరోజు రెండోది.

వెనిగర్ గురించి ఇంకో మాట. కుళాయిల మీద తెల్లగా పేరుకునేది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్, వెనిగర్ దాన్ని కరిగిస్తుంది. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే! కాబట్టి కుళాయి మెరుస్తుంది, కింద రాయి మసకబారుతుంది. పాలరాతి గట్టు మీద వెనిగర్, నిమ్మరసం వద్దు.

గడువు దాటిన మందులు దొరికితే టాయిలెట్‌లో పోయకండి, చివరికి చేరేది నీళ్లలోకే. మందుల షాపులో వెనక్కి తీసుకునే ఏర్పాటుంటే అక్కడ ఇవ్వండి. లేకపోతే మట్టిలో కలిపి, కవర్లో గట్టిగా మూసి చెత్తలో వేయండి. సీసా మీద మీ పేరున్న చీటీ చింపేయడం మర్చిపోవద్దు.

అటకకింద (శనివారం, రాత్రి 9:05)

బాత్రూం అయిపోయింది! రెండు కవర్లు నిండాయి. ఒకే రకం పౌడర్ డబ్బాలు 5 దొరికాయి, ప్రతి దాంట్లో అడుగున కొంచెం. రేపు వంటిల్లు. గుండె దడగా ఉంది.

నీలిగోడ (శనివారం, రాత్రి 9:40)

ఈ చర్చలో ఒక్కరైనా వ్యతిరేకంగా మాట్లాడాలి కదా, నేను మాట్లాడతాను. పారేయడం ఈమధ్య ఒక ఫ్యాషనైంది. రెండేళ్ల కింద నేనూ ఊపు మీద ఒక డబ్బాడు వైర్లు పారేశాను. నెల తిరక్కుండానే పాత కెమెరాలోంచి ఫొటోలు తీయాల్సొచ్చింది. ఆ వైరు ఎక్కడా దొరకలేదు. పారేసిన వస్తువు కోసం మూడు వారాలు తిరిగినవాడికే తెలుస్తుంది ఆ బాధ. ఇల్లంటే ఆసుపత్రి వార్డులా ఉండాలా ఏంటి?

లెక్కలమాస్టారు (శనివారం, రాత్రి 10:30)

నీలిగోడ గారి మాటలో న్యాయం ఉంది, కానీ లెక్క సగమే చెప్పారు. ఆ డబ్బాలో వైర్లెన్ని? ముప్పయ్యా? అవసరపడింది ఒకటి. ఆ ఒక్కటే కథగా గుర్తుండిపోతుంది. పోయినా ఏమీ కాని 29 వైర్ల గురించి ఎవరూ కథ చెప్పరు.

మన చేతిలో ఉన్నదానికి మనం ఎక్కువ విలువ కడతాం. రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త 1980లో దీనికి 'ఎండోమెంట్ ఎఫెక్ట్' అని పేరు పెట్టాడు. తర్వాత ఆయన, మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, ఇంకొకరు కలిసి చేసిన ప్రయోగం 1990లో అచ్చయింది. క్లాసులో సగం మందికి మామూలు కప్పులు ఉచితంగా ఇచ్చారు. ఎంతకైతే అమ్ముతారని వాళ్లని, ఎంతకైతే కొంటారని మిగతావాళ్లని అడిగారు. అమ్మేవాళ్లు చెప్పిన ధర కొనేవాళ్లు చెప్పినదానికి రెట్టింపు పైనే ఉంది. అప్పుడే చేతికొచ్చిన కప్పు మీదే అంత మమకారముంటే, ఇరవయ్యేళ్లు అటక మీదున్న గడియారం మాటేమిటి?

అందుకే నేను 'ఇది పారేయాలా?' అని అడుక్కోను. 'ఇది నా దగ్గర లేదనుకో, ఇవాళ బజారుకెళ్లి కొంటానా?' అని అడుక్కుంటాను. మా ఇంటి టేబుల్ సొరుగుల్లో మూడొంతులు ఈ ఒక్క ప్రశ్నతోనే ఖాళీ అయ్యాయి.

నీలిగోడ (శనివారం, రాత్రి 10:41)

26 వైర్లు. ముప్పయ్యి కాదు.

రెండుగదులు (ఆదివారం, ఉదయం 8:10)

వంటింటికి రెండు మాటలు. మొదటిది మూతలు. డబ్బాలన్నీ నేల మీద పెట్టి ఏ డబ్బాకి ఆ మూత పెట్టి చూడండి. జత దొరకని మూత వెళ్లిపోవాలి. జత దొరకని డబ్బా కూడా.

రెండోది పురుగు. పిండి డబ్బా కడిగి ఆరబెట్టినా మళ్లీ పురుగు పడుతోందంటే, కొత్తగా తెచ్చిన పొట్లంలోనే గుడ్లు ఉండి ఉండొచ్చు. తెచ్చిన పొట్లాన్ని 4 రోజులు డీప్ ఫ్రీజర్లో, సున్నాకి 18 డిగ్రీల కింద ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక చల్లదనం పోయేవరకు పొట్లం విప్పకండి, లేకపోతే చెమ్మ పడుతుంది. డబ్బా అంచులో, మూత గాడిలో మిగిలిన పాత పిండే వాటికి ఇల్లు. అక్కడ బ్రష్ పెట్టి తోమండి. దాచుకున్న ఆ ఒక్క టూత్‌బ్రష్ ఇందుకే.

తెల్లకాగితం (ఆదివారం, ఉదయం 10:25)

ఇంట్లో అన్నిటికన్నా బద్ధకం పుట్టించేవి కాగితాలు. వాటికి గది ఉండదు. ఫ్రిజ్ మీద, టీవీ కింద, పరుపు కింద, హ్యాండ్‌బ్యాగులో. గది గదిగా వెళ్తే ఒకే పనిని ఐదుసార్లు చేయాలి. ఇల్లంతా తిరిగి ఒక బుట్టలోకి ఏరి, ఒక్కచోట కూర్చుని తేల్చండి.

షాపుల్లో మిషన్ నుంచి వచ్చే నున్నటి బిల్లులుంటాయి చూడండి, అవి వేడికి నల్లబడే కాగితం మీద అచ్చేసినవి. ఎండకి, వేడికి, కొన్ని ప్లాస్టిక్ కవర్లలో పెట్టినా అక్షరాలు వెలిసిపోతాయి. వారంటీ కోసమని మా నాన్నగారు మూడేళ్లు భద్రంగా దాచిన బిల్లు తీసి చూస్తే తెల్లకాగితం! (నా పేరు వెనక కథ అదే.) కొన్న రోజే ఫొటో తీసి పెట్టుకోండి. ఇంటి పత్రాలు, సర్టిఫికెట్లు, ఆస్పత్రి రిపోర్టులు మాత్రం ఫొటో ఉన్నా అసలువి ఉంచుకోవాల్సిందే. అక్కౌంట్ నంబర్లున్న కాగితాలు చింపి పారేయండి, ఊరికే పారేయకండి.

చీపురుకట్ట (ఆదివారం, ఉదయం 11:00)

ఇల్లు సర్దడం మీద పుస్తకాలు రాసిన జపాన్ ఆవిడ మేరీ కోండో చెప్పేదీ ఇదే కదా? గదుల లెక్కన కాదు, రకాల లెక్కన. ముందు బట్టలు, తర్వాత పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, చిట్టచివర జ్ఞాపకాలు. నేను బట్టలకి చేసి చూశాను. ఇంట్లో బట్టలన్నీ మంచం మీద పోశాను. పన్నెండింటికి పోశాను, రాత్రి ఒంటిగంటకి మంచం ఖాళీ కాక నేల మీద పడుకున్నాం. పద్ధతి మంచిదే, పిల్లలున్న ఇంట్లో మాత్రం ఒక్క సొరుగు చొప్పున చేయడమే మేలు.

నిదానమే (ఆదివారం, మధ్యాహ్నం 3:20)

బదిలీల ఉద్యోగంలో పదకొండు ఇళ్లు మారినదాన్ని, నా మాట కూడా వినండి. బట్టల బీరువాలో హ్యాంగర్లన్నీ వెనక్కి తిప్పి తగిలించండి. ఏదైనా వేసుకుని ఉతికాక మామూలుగా తగిలించండి. ఏడాది తర్వాత ఇంకా వెనక్కి తిరిగే ఉన్నవేంటో బీరువానే చెబుతుంది. మీరు ఎవరితోనూ వాదించక్కర్లేదు, మీతో మీరు కూడా.

దుప్పట్లు, గలీబులు 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికితే దుమ్ములో ఉండే కంటికి కనబడని పురుగులు చస్తాయి. తెల్లారగానే తుమ్ములొచ్చేవాళ్లకి తేడా తెలుస్తుంది. కలరా ఉండలు వేసి దాచిన బట్టలుంటే తీసి, గాలికి ఆరేసి, ఉతికాకే పసిపిల్లలకి వేయండి. అది నాఫ్తలీన్. జీ6పీడీ (రక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైమ్) లోపంతో పుట్టిన పిల్లలకి ఆ ఆవిరి తగిలినా రక్తకణాలు చితికిపోయి కామెర్లు రావచ్చు. నేనైతే పసివాళ్లున్న ఇంట్లో ఆ ఉండలే పెట్టను.

ఊరికేచూస్తున్నా (ఆదివారం, రాత్రి 11:48)

నాలుగేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇది చదువుతుంటే ఉండబట్టక రాస్తున్నాను. అమ్మ పోయాక నాన్న ఏదీ పారేయడం లేదు. పేపర్లు, ఖాళీ సీసాలు, కవర్లు. ఒక గది పూర్తిగా నిండిపోయింది, తలుపు తెరుచుకోదు. ఇప్పుడు ఆయన మంచం మీద కూడా సగం పేపర్లే. పోయిన నెల ఆయన ఊళ్లో లేనప్పుడు నేనూ తమ్ముడూ కలిసి రెండు ఆటోల సామాను తీసేశాం. వచ్చి చూసి ఆయన అరవలేదు. ఏడ్చారు. ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. గది మళ్లీ నిండుతోంది.

నిదానమే (సోమవారం, ఉదయం 6:15)

అమ్మా, నువ్వు చెడ్డపనేం చేయలేదు, ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్. కానీ మళ్లీ అలా చెయ్యొద్దు. ఆయనకి అవి పేపర్లు కావు. ఏమిటో మనకి తెలియదు, అడిగితే ఆయనా చెప్పలేకపోవచ్చు. వెళ్లి పక్కన కూర్చో. సామాను మాట ఎత్తకు, ముందు మాటలు కలవనీ.

ప్రయోగశాల (సోమవారం, ఉదయం 7:40)

దీన్ని మామూలు 'పొదుపు బుద్ధి' అనుకుని వదిలేయొద్దు. వస్తువులు వదల్లేకపోవడం మనిషి నిద్రకి, నడకకి, వంటకి అడ్డం వచ్చే స్థాయికి చేరితే దానికి వైద్యంలో హోర్డింగ్ డిజార్డర్ అని పేరుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని విడిగా ఒక జబ్బుగా గుర్తించింది, అంతకుముందు ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) లక్షణాల్లో ఒకటిగా చూసేవాళ్లు. బలవంతంగా ఖాళీ చేయిస్తే మనిషి కుంగిపోతాడు, గది మళ్లీ నిండుతుంది. మీరు చూసింది అదే. మాట్లాడి చేసే చికిత్సలున్నాయి. ఒక సైకియాట్రిస్టుకో సైకాలజిస్టుకో చూపించండి. 'జబ్బు' అనకుండా, 'అమ్మ పోయాక నిద్ర సరిగ్గా పట్టట్లేదు కదా నాన్నా' అని మొదలుపెట్టినా చాలు.

ఈలోపు పొయ్యి దగ్గర, బయటి గుమ్మానికి వెళ్లే దారిలో పేపర్లు లేకుండా చూడండి. ఆ రెండు చోట్ల గురించి మాత్రం ఆయనతో మెత్తగా బేరమాడొచ్చు.

ఊరికేచూస్తున్నా (సోమవారం, ఉదయం 9:02)

థాంక్స్. ఈ సాయంత్రం వెళ్తాను.

అటకకింద (బుధవారం, రాత్రి 8:30)

వంటిల్లు రెండు రోజులు పట్టింది. జతలేని మూతలు 14. బెడ్‌రూమ్ ఇవాళ అయింది. మాస్టారు గారి ప్రశ్న బ్రహ్మాస్త్రమే, కానీ మా ఆయన వస్తువుల మీద పనిచేయలేదు. ఆయన చొక్కా పట్టుకుని 'ఇది ఇప్పుడు కొంటారా' అని అడిగితే 'నువ్వు నన్ను ఇప్పుడు చేసుకుంటావా' అన్నారు. బీరువా మూసేశాను.

హాల్లో సొరుగు తీస్తే ఒక తాళం చెవుల గుత్తి దొరికింది, 17 చెవులు. ఇంట్లో ఉన్న ప్రతి తాళానికీ పెట్టి చూశాను, ఒక్కటీ పట్టలేదు. ఈ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్లయింది. పారేశాను! నా ధైర్యానికి చప్పట్లు కొట్టండి.

ఇంకో డౌటు: పాత ఫోన్లు 3 ఉన్నాయి, ఒకదాని వీపు ఉబ్బింది. ఆల్బంలో ఫొటోలు అతుక్కుపోయాయి, లాగితే చిరుగుతున్నాయి.

ప్రయోగశాల (బుధవారం, రాత్రి 9:10)

ఉబ్బిన ఫోన్‌ని ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, తెరవొద్దు. లోపల లిథియం బ్యాటరీలో గ్యాస్ చేరింది, గుచ్చుకుంటే మంటలొస్తాయి. మామూలు చెత్తలో కూడా వేయొద్దు, చెత్త బండిలో నలిగినా అంతే ప్రమాదం. కాలే వస్తువులకి దూరంగా పెట్టి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్లకి ఉబ్బిందని చెప్పి ఇవ్వండి.

మిగతా రెండూ ఇచ్చేముందు సిమ్ము, మెమరీ కార్డు తీసేసి, అకౌంట్లలోంచి బయటికొచ్చి, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఫొటోలు ఒక్కోటీ డిలీట్ చేసినంత మాత్రాన అవి పూర్తిగా పోయినట్టు కాదు.

తెల్లకాగితం (బుధవారం, రాత్రి 9:33)

పేజీకి జిగురు, పైన ప్లాస్టిక్ పొర ఉండే ఆల్బమే కదా? లాగకండి! ముందు ఉన్నది ఉన్నట్టే పేజీకి ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత ఏమైనా అది మిగులుతుంది. పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్నటి దారం ఉంటుంది, దాన్ని ఫొటో మూల కిందికి దూర్చి రంపం లాగినట్టు అటూ ఇటూ మెల్లగా లాగుతూ రండి. మొండికేస్తే ఆ ఫొటోని వదిలేయండి. వచ్చినవాటి వెనక పెన్నుతో రాయొద్దు, మెత్తటి పెన్సిల్‌తో ఎవరో, ఏ సంవత్సరమో రాయండి. మీకు తెలిసిన ముఖాలు మీ పిల్లలకి తెలియవు.

నీలిగోడ (గురువారం, ఉదయం 7:20)

తాళాల గుత్తి పారేశారా. చూద్దాం.

అటకకింద (ఆదివారం, సాయంత్రం 6:45)

అటక పూర్తయింది. పుస్తకాల్లో రెండు పెట్టెలు ఇచ్చేశాను, రెండు పెట్టెలు ఉంచాను. గడియారాలన్నీ వెళ్లిపోయాయి. తిరగని ఫ్యాను ఇంకా హాల్లోనే ఉంది, 'బాగు చేయిస్తాను' అని మా ఆయన వారం గడువు అడిగారు.

ఇక అసలు సంగతి. అటక లోపలి మూలకి, నేను మొదటి రోజు చేరుకోని చోట, ఒక ట్రంకు పెట్టె దొరికింది. మా అత్తగారిది. తాళం వేసి ఉంది.

నేను నోట మాట రాక నిలబడితే, మా ఆయన లోపలికెళ్లి చొక్కాల కిందినుంచి ఆ గుత్తి తెచ్చారు. బుధవారం రాత్రే చెత్తబుట్టలోంచి తీసి దాచారట! ఆరో చెవి పట్టింది. అప్పటినుంచి ఆయన నడక చూడాలి మీరు, ఇంట్లో పట్టాభిషేకం జరిగినట్టుంది.

నీలిగోడ (ఆదివారం, సాయంత్రం 6:47)

ఆయనకి నా నమస్కారాలు చెప్పండి.

చీపురుకట్ట (ఆదివారం, సాయంత్రం 7:05)

అది సరే, పెట్టెలో ఏముంది?

అటకకింద (ఆదివారం, సాయంత్రం 7:30)

రెండు దుప్పట్లు, మా ఆయన ఐదో తరగతి మార్కుల కాగితం (లెక్కల్లో 31, ఇప్పుడు నడక కొంచెం తగ్గింది), ఒక పెద్ద ఇత్తడి తాళం. దానికి చెవి లేదు. మిగిలిన 16 పెట్టి చూస్తున్నాం.